చనిపోయిన వారితో సంబంధం: ఒక సివిల్ పార్టనర్‌షిప్ కేసు

ఫైల్లోంచి నా క్లయింట్ మొదట తీసింది ఇంగ్లాండ్‌లో ఇచ్చిన డెత్ సర్టిఫికెట్. మరణ సమాచారం ఇచ్చినవారి గడిలో ఆమె పేరు, పక్కన ‘సివిల్ పార్టనర్’ అని ఉంది. అంటే పెళ్లి అనే పేరు లేకుండానే అక్కడి చట్టం గుర్తించే జీవిత భాగస్వామి. రెండోది గుంటూరు జిల్లాలో ఒక తహసీల్దార్ ఆఫీసు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. అందులో చనిపోయిన వ్యక్తి ‘అవివాహితుడు’. కుటుంబ సభ్యులు ఇద్దరే: తల్లి, తమ్ముడు.

“మేడమ్, ఈ రెండిట్లో ఏది తప్పు?” అని అడిగింది.

రెండూ ఒప్పే. ఆ మాట చెప్పడానికి నాకే ఇబ్బందిగా అనిపించింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ కేసు పోయినేడాది లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది. క్లయింట్ అనుమతితోనే రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా ఊళ్లు, అంకెలు కొన్ని మార్చాను. న్యాయపరమైన విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఆమెదీ, చనిపోయిన అతనిదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరివీ వేర్వేరు కులాలు. 2014 నుంచి హైదరాబాద్ మియాపూర్‌లో ఒకే ఇంట్లో ఉన్నారు. 2016లో అతని పేరు మీద 1,240 చదరపు అడుగుల ఫ్లాట్ కొన్నారు. ఇంగ్లాండ్ ఉద్యోగం ఖాయం కాగానే, 2017లో అతను ఒక వీలునామా రాసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాడు. ఫ్లాట్ మొత్తం ‘నా స్నేహితురాలు’ అంటూ ఆమె పేరున రాశాడు. ఊళ్లో ఉన్న ఇల్లు, ఎకరంన్నర పొలం అమ్మకూ తమ్ముడికీ సరిపోతాయి కాబట్టి ఈ ఫ్లాట్ ఆమెకు ఇస్తున్నానని కారణం కూడా రాశాడు. ఆ ఒక్క వాక్యం తర్వాత మాకు ఎంత పనికొచ్చిందో చెప్తాను.

2021లో ఇంగ్లాండ్‌లోని రెడింగ్‌లో సివిల్ పార్టనర్‌షిప్ రిజిస్టర్ చేసుకున్నారు. ఈ పద్ధతి బ్రిటన్‌లో 2004 చట్టంతో వచ్చి 2005 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. మొదట ఇది స్వలింగ జంటలకే. పెళ్లి అనే సంప్రదాయం మీద నమ్మకం లేని ఒక స్త్రీ పురుష జంట మాకెందుకు ఇవ్వరని కోర్టుకెక్కింది. 2018 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2019 డిసెంబరు నుంచి ఇంగ్లాండ్, వేల్స్‌లో స్త్రీ పురుష జంటలకూ అవకాశం వచ్చింది. ముందు నోటీసు ఇవ్వాలి. తర్వాత రిజిస్ట్రార్ ముందు, ఇద్దరు సాక్షుల ముందు సంతకాలు పెడితే చాలు. ప్రమాణాలు చదవక్కర్లేదు.

మా క్లయింట్‌కు నచ్చింది అదే. “కన్యాదానం వద్దు, తాళి వద్దు, అసలు పెళ్లి అనే మాటే వద్దనుకున్నాం మేడమ్. రెండు వైపులా ఒప్పుకోని పెళ్లికి ఆ పేరు పెట్టి మళ్లీ గొడవెందుకని,” అంది. ఇది తెలివితక్కువ నిర్ణయమని నేను అనను. వాళ్లు ఉంటున్న దేశంలో అది పూర్తి రక్షణ ఇచ్చే ఏర్పాటు. 2023 నవంబరులో గుండెపోటుతో అతను చనిపోయినప్పుడు అది తేలిపోయింది.

ఇంగ్లాండ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ గొడవే లేదు. రెడింగ్ ఇల్లు ఇద్దరి పేరున జాయింట్‌గా ఉంది కాబట్టి నేరుగా ఆమెదైంది. వీలునామా లేకుండా, పిల్లలు లేకుండా చనిపోతే అక్కడి చట్టం ప్రకారం మొత్తం ఆస్తి సివిల్ పార్టనర్‌కే వెళ్తుంది, తల్లిదండ్రులు బతికున్నా సరే. కంపెనీ పెన్షన్ వాళ్లు ఆమెను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ప్రభుత్వం భర్తో భార్యో పోయిన వారికి ఇచ్చే 2,500 పౌండ్ల సాయం, దాని తర్వాత నెలకు వంద పౌండ్ల చొప్పున పద్దెనిమిది నెలలు, అవీ వచ్చాయి.

ఇండియాలో దిగిన వారానికి మియాపూర్ ఫ్లాట్ దగ్గరికి వెళ్తే తలుపుకు కొత్త తాళం ఉంది.

మరిది వేశాడు. నేను ‘మరిది’ అన్నానా? అతని లాయర్ అయితే ఆ మాటకు కోర్టులో అభ్యంతరం చెప్పేవాడు. అతని వాదన సూటిగా ఉంది. మా అన్నకు పెళ్లి కాలేదు. నాన్న లేడు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసుల్లో మిగిలింది అమ్మ ఒక్కతే. ఫ్లాట్, బ్యాంకు డిపాజిట్లు, అన్నీ అమ్మవే. ఇంగ్లాండ్ కాగితం ఇంగ్లాండ్‌లో చూపించుకోమనండి.

చట్టం అతని వైపే ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి తరగతిలో ‘వితంతువు’ ఉంది, ‘సివిల్ పార్టనర్’ లేదు. ఆమె తెచ్చిన సర్టిఫికెట్‌కు అపోస్టిల్ ముద్ర ఉంది. అది నిజమైన ప్రభుత్వ కాగితమేనని మన దగ్గర ఒప్పుకుంటారు. కానీ ఆ ముద్ర కాగితం అసలుదని మాత్రమే చెప్తుంది. అందులో రాసిన సంబంధానికి ఇక్కడ ఏ హక్కు ఉందో చెప్పదు. విదేశంలో జరిగిన పెళ్లిని గుర్తించడానికి 1969 విదేశీ వివాహ చట్టం లాంటి దారులున్నాయి. అవి పెళ్లికి. సివిల్ పార్టనర్‌షిప్‌ను ఇంగ్లాండ్ చట్టమే పెళ్లి అనదు, వేరే పేరుతో వేరే చట్టం కింద పెట్టింది. పుట్టిన చోటే పెళ్లి కానిది మియాపూర్ వచ్చేసరికి పెళ్లెలా అవుతుంది?

ఇక్కడ ఒక పక్కమాట. స్వలింగ జంటలకు ఈ సమస్య ఇంకా కఠినంగా ఉంటుంది. స్త్రీ పురుష జంట కావాలనుకుంటే ఇండియాలో పెళ్లి రిజిస్టర్ చేసుకోగలిగేది. స్వలింగ జంటలకు ఆ దారి కూడా లేదు. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాల మీద వచ్చిన సుప్రియో కేసులో, పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు జడ్జీలు ఐదుగురూ చెప్పారు. సివిల్ యూనియన్‌కు హక్కు ఉందని ఇద్దరు అన్నా, ముగ్గురు కాదన్నారు. ఆ తర్వాత 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, జాయింట్ అకౌంట్ తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని స్పష్టత ఇచ్చింది. నా దగ్గరికి వచ్చే అలాంటి జంటలకు ముందు బ్యాంకుకు వెళ్లి ఆ పని చేసుకురండనే చెప్తాను.

మళ్లీ కేసులోకి. నా జూనియర్ మొదటి రోజే ఒక డ్రాఫ్ట్ రాసుకొచ్చాడు. ఏళ్ల తరబడి భార్యాభర్తల్లా కలిసి బతికితే పెళ్లి జరిగినట్టే కోర్టు భావించవచ్చు కదా అని. 1978 నాటి బద్రీ ప్రసాద్ తీర్పు నుంచి 2022 వరకు సుప్రీంకోర్టు ఆ మాట చాలాసార్లు చెప్పింది. పాత ఎవిడెన్స్ యాక్ట్ 114 సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 119. ఆధారాలు కూడా బలంగానే ఉన్నాయి. అద్దె అగ్రిమెంట్లు, ఆసుపత్రి ఫారాలు ఉన్నాయి. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నవి కొరియర్ రసీదులు. ఊరి నుంచి తల్లి పంపిన గోంగూర పచ్చడి పార్సిళ్లవి. చివరి రెండేళ్లూ వాటి మీద ‘టు’ దగ్గర ఆమె పేరు, ఆ పేరు ముందు కొడుకు ఇంటిపేరు.

చేతిలో అలాంటి రసీదు ఉంటే ఏ లాయర్‌కైనా నోరూరుతుంది. నేను వద్దన్నాను. ఎందుకంటే 2021లో రెడింగ్‌లో ఇచ్చిన నోటీసులో ఇద్దరూ తమ స్థితిని ‘సింగిల్’ అని రాసి సంతకం పెట్టారు. పెళ్లైనవాళ్లకు అక్కడ సివిల్ పార్టనర్‌షిప్ రిజిస్టర్ చేయరు. కలిసి ఉన్న ఏడేళ్ల తర్వాత, ప్రభుత్వ అధికారి ముందు ‘మాకు పెళ్లి కాలేదు’ అని వాళ్లే రాసిచ్చారు. ఇప్పుడు పెళ్లైనట్టు భావించండని అడిగితే, ఎదుటి లాయర్ ఆ నోటీసు తెప్పించి మా క్లయింట్ చేతికే ఇచ్చి చదవమంటాడు. మామూలు సహజీవనంలో కోర్టు ఊహకు చోటుంటుంది. వీళ్ల సర్టిఫికెట్ ఆ చోటు కూడా మిగల్చలేదు. ఆమె ఎంతో భద్రంగా లామినేట్ చేయించుకున్న కాగితమే ఇక్కడ ఆమెకు వ్యతిరేక సాక్ష్యం. ఆ మాట విన్నాక ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంకో దారి కూడా మూసేశాను. ఫ్లాట్ ఈఎంఐలో సగం ఆమే కట్టింది. నెలకు 18 వేలు అతని ఖాతాకు పంపినట్టు ఐదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లున్నాయి. “ఇదైనా పనికొస్తుందా?” అంది. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అని మనమే మొదలుపెడితే ఎదుటివాళ్లు వెంటనే బినామీ చట్టం తీస్తారు. భార్యాభర్తలకు అందులో మినహాయింపు ఉంది. పెళ్లి లేని భాగస్వామికి లేదు. గెలవచ్చు, గెలవకపోవచ్చు. కానీ మన చేతిలో అంతకంటే మంచి ఆయుధం ఉన్నప్పుడు ఆ గొయ్యి తవ్వుకోవడం దేనికి?

ఆ ఆయుధం 2017 వీలునామా. నిజానికి దాన్ని ఆమె నాకు చూపించనే లేదు. మూడో మీటింగ్‌లో, ఫ్లాట్ సేల్ డీడ్ కాపీ వెతుకుతుంటే కవర్లోంచి బయటపడింది. “అది పాతది కదా మేడమ్. సివిల్ పార్టనర్‌షిప్ తర్వాత చెల్లదని అక్కడి సొలిసిటర్ చెప్పారు,” అంది. ఆ సొలిసిటర్ తప్పు చెప్పలేదు. ఇంగ్లాండ్‌లో పెళ్లైనా, సివిల్ పార్టనర్‌షిప్ చేసుకున్నా అంతకు ముందు రాసిన వీలునామా సాధారణంగా రద్దైపోతుంది. వాళ్ల 1837 నాటి వీలునామాల చట్టంలో ఉంది ఆ సంగతి.

కానీ ఫ్లాట్ ఉన్నది ఇంగ్లాండ్‌లో కాదు. స్థిరాస్తి ఎక్కడుంటే అక్కడి చట్టమే దానికి వర్తిస్తుంది. మన 1925 వారసత్వ చట్టం 57వ సెక్షన్ చివర్లో చిన్న మినహాయింపు ఉంది. హిందువు రాసిన వీలునామా పెళ్లి వల్ల రద్దు కాదు. క్రైస్తవులకు, పార్సీలకు వేరే లెక్క. హిందువులకు మాత్రం పెళ్లే వీలునామాను రద్దు చేయనప్పుడు, పెళ్లి కానిది ఎలా చేస్తుంది? ఇరవై రెండేళ్ల ప్రాక్టీసులో ఆ మినహాయింపును నేను వాడింది ఇదే మొదటిసారి.

దాని మీదే దావా వేశాం. ఫ్లాట్ హక్కు ప్రకటించాలని, స్వాధీనం ఇప్పించాలని. యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చింది కాబట్టి ఈలోగా అమ్మేస్తారన్న టెన్షన్ తగ్గింది. హైదరాబాద్‌లో ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి కాదు, నేరుగా దావాలోనే వీలునామా రుజువు చేసుకోవచ్చు.

అవతలి పక్షం లిఖితపూర్వక జవాబు చదివిన రోజు నాకు నవ్వొచ్చింది. 7వ పేరాలో, సివిల్ పార్టనర్‌షిప్ అనేది భారత చట్టానికి తెలియని సంబంధం, దానికి ఇక్కడ ఏ విలువా లేదు అన్నారు. 14వ పేరాలో, ఆ సివిల్ పార్టనర్‌షిప్ వల్లే 2017 వీలునామా రద్దయింది అన్నారు. విలువే లేనిది వీలునామాను ఎలా చంపింది? రెండు పడవల మీద కాళ్లు పెట్టారు. జడ్జిగారు వాదనల రోజు ఆ రెండు పేరాల కింద పెన్సిల్‌తో గీతలు పెట్టుకోవడం చూశాను. తీర్పు దాకా వెళ్లుంటే ఏం రాసేవారో గానీ, ఆ రోజు నుంచి అవతలి లాయర్ స్వరం మాత్రం తగ్గింది.

వీలునామా రిజిస్టర్ అయితే చాలదు, రుజువు చేయాలి. సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరిలో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాలి. ఒకతను దేశం వదిలి వెళ్లాడు, పాత నంబరు పని చేయడం లేదు. రెండో అతను నిజాంపేటలో దొరికాడు, చనిపోయినతని పాత రూమ్‌మేట్. ఆ రోజు సాక్షి బోనులో అతనికి చెమటలు పట్టాయి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్, “కన్నతల్లిని పక్కన పెట్టి పరాయి ఆడమనిషికి ఫ్లాట్ రాస్తుంటే మీరెందుకు అడగలేదు?” అని గట్టిగా అడిగాడు.

“నేనెందుకు అడుగుతానండీ? వాళ్లిద్దరూ కలిసే ఉండేవాళ్లు. వాడు నా ముందు సంతకం పెట్టాడు, వాడి ముందే నేనూ పెట్టాను,” అన్నాడు.

వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేది సరిగ్గా అదే. నేను నేర్పితే అంత బాగా వచ్చేది కాదు.

తల్లిని వదిలేశాడు కాబట్టి వీలునామా అనుమానాస్పదం అన్న వాదన మిగిలింది. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇప్పటికీ అదే. అనుమానం కలిగించే పరిస్థితులుంటే, వాటిని తొలగించే బాధ్యత వీలునామా చూపించే వాళ్లదే. మాకు ఆ పని అతనే చేసిపెట్టాడు. ఊరి ఇల్లు, పొలం వాళ్లకు సరిపోతాయి అన్న ఆ వాక్యం. ఇప్పుడు వీలునామా కోసం వచ్చే ప్రతివాళ్లనూ, ‘ఎవరికి ఇస్తున్నారు’ తర్వాత ‘మిగతావాళ్లకు ఎందుకు ఇవ్వడం లేదు’ అని అడిగి ఒక వాక్యం రాయిస్తున్నాను. తమ్ముడు అలుగుతాడని కొందరు వద్దంటారు. మీరు పోయాక అలిగితే ఫర్వాలేదు, మీరుండగా ఈ కాగితం అతనికి చూపించకండి అంటాను.

చిక్కంతా మిగిలిన ఆస్తితో. వీలునామాలో ఉన్నది ఫ్లాట్ ఒక్కటే. ఎల్‌ఐసీ పాలసీకి తల్లి నామినీ. 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీ అయితే ఆ డబ్బు వాళ్లదే, కాబట్టి అక్కడ మాట్లాడటానికి ఏమీ లేదు. హైదరాబాద్ ఉద్యోగం నాటి పీఎఫ్ కూడా తల్లికే. ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో, అంటే విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడ పెట్టుకునే బ్యాంకు ఖాతాలో, 38 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, నామినీ మళ్లీ తల్లే. కానీ బ్యాంకు నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, యజమాని కాదు. బ్యాంకు బాధ్యత తీరిపోతుందంతే, వారసుల హక్కు అలాగే ఉంటుంది. చరాస్తికి చనిపోయిన మనిషి స్థిరనివాసం ఎక్కడో ఆ చట్టం వర్తిస్తుందని ఒక బలమైన వాదన ఉంది. అతను ఇంగ్లాండ్‌లోనే స్థిరపడినట్టు రుజువైతే ఆ 38 లక్షలు ఆమెవే. పాస్‌పోర్టు మాత్రం ఇండియాదే. ఊళ్లో రిటైర్ అవుతానని వాట్సాప్‌లో వందసార్లు రాశాడు. ఆ వాదన తెగడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు. దాన్ని గెలవడానికి కాకుండా రాజీ బల్ల మీద పెట్టడానికే వాడాలని మేమిద్దరం ముందే అనుకున్నాం.

రాజీ మాటలకు తల్లి స్వయంగా వచ్చింది. అంతవరకూ ఆమెను నేను చూడలేదు, వకాలత్ మీద వేలిముద్ర చూశానంతే. చిన్న కొడుకు పక్కన కూర్చుంది. మా క్లయింట్ లోపలికి రాగానే లేవబోయి, మళ్లీ కూర్చుంది. కాసేపు లెక్కలు నడిచాయి. ఎవరో డిపాజిట్ సగం సగం అన్నారు. ఉన్నట్టుండి ఆవిడ మా క్లయింట్ వైపు తిరిగి, “ఏమ్మా, ఇంతకీ నువ్వు వాడికేమవుతావు?” అంది. దెప్పుతున్నట్టు లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

“మీరు పార్సిల్ మీద రాసేవారు కదా అత్తయ్యా, అదే,” అంది ఈమె.

తమ్ముడు ఏదో అనబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఆ తర్వాత లెక్కలు తేలడానికి గంట కూడా పట్టలేదు. ఫ్లాట్ ఆమెది. డిపాజిట్లు, ఎల్‌ఐసీ, పీఎఫ్ తల్లివి. ఫ్లాట్లో ఉన్న అతని పుస్తకాలు, ఒక స్టీల్ బీరువా తల్లికి పంపాలి. లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వచ్చింది. 38 లక్షలు వదులుకోవడం తెలివైన పనేనా అని తోటి లాయర్లు అడిగారు. వదులుకోవాలన్నది క్లయింట్ నిర్ణయం. నేనైనా అదే చెప్పేదాన్ని.

ఈ కేసు గురించి విన్న ఇంకో రెండు జంటలు నన్ను ఫోన్‌లో అడిగారు. ఇండియా వచ్చి రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుంటే సరిపోతుందా అని. అంత తేలిక కాదు. ఇంగ్లాండ్, వేల్స్‌లో స్త్రీ పురుష జంట సివిల్ పార్టనర్‌షిప్‌ను పెళ్లిగా మార్చుకునే వీలు లేదు. అది రద్దు కాకుండా పెళ్లి చేసుకుంటే, అక్కడి చట్టం వర్తించేవాళ్లకు ఆ పెళ్లి చెల్లదు. రద్దుకు ఏడాది నిండాలి, మా బంధం బాగుపడనంతగా చెడిపోయిందని రాసివ్వాలి. చక్కగా కలిసి ఉన్నవాళ్లు ఆ అబద్ధం మీద సంతకం పెట్టమంటే ఎలా పెడతారు? అందుకే వాళ్లకు పెళ్లి గురించి కాదు, కాగితాల గురించి చెప్పాను. ఇండియా ఆస్తులకు ఇండియాలో విడిగా వీలునామా రాయండి. ఇద్దరు సాక్షులూ మీకంటే చిన్నవాళ్లై, ఎక్కడుంటారో తెలిసినవాళ్లై ఉండాలి. తర్వాత ఇంగ్లాండ్‌లో కొత్త వీలునామా రాసేటప్పుడు సొలిసిటర్ ‘ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు’ అని అచ్చు వాక్యం పెడతాడు, ‘ఇండియా ఆస్తులకు రాసినది తప్ప’ అని చేర్పించండి. ఫ్లాట్ కొంటే ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే రాయించండి. ఉద్యోగంలో చేరిన రోజు పెట్టిన నామినీని ఓసారి తెరిచి చూడండి.

ఫ్లాట్ మ్యుటేషన్‌కు, అంటే రికార్డుల్లో పేరు మార్పుకు, దరఖాస్తు పెట్టిన రోజు ఆమె నా ఆఫీసులోనే ఫారం నింపింది. ‘చనిపోయిన వారితో సంబంధం’ అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

“సివిల్ పార్టనర్ అని రాయనా మేడమ్?”

వీలునామాలో ఏముందో అదే రాయమన్నాను. లేకపోతే కాగితాలు సరిపోలలేదని వెనక్కి పంపుతారు. ఆమె ‘స్నేహితురాలు’ అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చింది.